రంగు డబ్బా కొనేముందు: పాతబడ్డ హాలును ఏ వరసలో బాగుచేసుకోవాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. ఐదడుగుల కిటికీ ఒకటి, గుమ్మాలు రెండు. రంగు వేసి చాలా ఏళ్లైంది. ఒక గోడ అడుగున పెచ్చులు లేస్తున్నాయి. దీపం అంటే ఒకే ట్యూబ్‌లైటు. సోఫా, అల్మరాలు మార్చే ఆలోచన లేదు. గోడలు పగలగొట్టకుండా సెలవు రోజుల్లో మీరే చేసుకోగల మార్పులేవి, ఏది ముందు, రంగు ఎంత పడుతుంది, పెచ్చులున్న గోడ మీద వాల్‌పేపరు అంటించేస్తే సరిపోతుందా, ముదురు గోధుమరంగు అల్మరా తలుపులను ఏం చేయాలి అని అడిగారు.

ముందు వాల్‌పేపరు సంగతి. ఆ గోడకు వద్దు. అడుగున పెచ్చులు లేస్తున్నాయంటే లోపల చెమ్మ ఉండే అవకాశమే ఎక్కువ. కాగితం వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, జిగురు వదులుతుంది, కాగితం వెనక బూజు పడుతుంది. అప్పుడు చెడిన కాగితం, చెడిన గోడ రెండూ బాగుచేసుకోవాలి.

ఇక వరస. ఖాళీ చేసి శుభ్రం చేయడం, చెమ్మ సంగతి తేల్చడం, దీపాలు మార్చడం, కర్టెన్ గుడ్డ ఎంచుకోవడం, అప్పుడు రంగు, ఆ తర్వాత గోడకు తగిలించేవి. చాలామంది రంగుతో మొదలుపెడతారు, అక్కడే పని తలకిందులవుతుంది. రంగు ఏ దీపం కింద చూస్తే అలా కనిపిస్తుంది కాబట్టి దీపం ముందు తేలాలి. షేడ్ కార్డులో రంగులు వందల్లో ఉంటాయి, నచ్చిన గుడ్డ మాత్రం ఒకటో రెండో దొరుకుతుంది. గుడ్డకు తగ్గ రంగు కలిపించుకోవచ్చు గానీ రంగుకు తగ్గ గుడ్డ నేయించుకోలేం కదా.

శుభ్రం చేసేటప్పుడు బరువైన సోఫా, అల్మరాలు తప్ప గదిలో ఉన్నవన్నీ పక్క గదిలోకి చేర్చండి. రెండు రోజులు అలా ఖాళీగా వదిలేసి, ఏ వస్తువు కోసం చేయి వెతుక్కుంటుందో అదొక్కటే వెనక్కి తెచ్చుకోండి. ఫ్యాన్ రెక్కలు, దోమల జాలీ, కిటికీ అద్దం, స్విచ్‌బోర్డులు తుడవండి. బోర్డులు తుడిచేముందు మెయిన్ ఆపేయండి, పిండిన గుడ్డ మాత్రమే వాడండి. జాలీలో దుమ్ము పట్టి ఉంటే లోపలికొచ్చే వెలుతురు బాగా తగ్గుతుంది. దాన్ని విప్పి కడిగితేనే గది ఎంత తేరుకుందో తెలిసిపోతుంది. గోడ కడిగే రకం రంగైతే పలుచటి సబ్బునీళ్లతో కింది నుంచి పైకి తుడుచుకుంటూ రండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు ఎండిన మురికి మీదుగా చారలుగా కారతాయి, ఆ చారలు ఓ పట్టాన పోవు. తెల్లటి మెలమైన్ స్పాంజితో మరక గట్టిగా రుద్దితే మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద ఆ చోటు మాత్రం మెరుస్తూ మిగిలిపోతుంది, కాబట్టి సుతారంగా.

ఇంతవరకూ చేశాక గది బాగానే ఉందనిపిస్తే రంగు పని వాయిదా వేసుకోవచ్చు. నిజానికి సగం ఇళ్లకు కావాల్సింది ఇదీ, దీపాలూ మాత్రమే.

చెమ్మ పరీక్షకు ఒక అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం చాలు. పెచ్చులు గీకిన చోట నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి 24 నుంచి 48 గంటలు వదిలేయండి. తీసేటప్పుడు గోడ వైపు నీటి చెమటలుంటే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు ఉంటే గాలిలో తేమ చల్లటి గోడ మీద నీరవుతోంది, అది గాలి ఆడక వచ్చే సమస్య. గోడలోంచే అయితే ఎక్కడినుంచో చూడాలి. నేల నుంచి పైకి పాకే చెమ్మ సాధారణంగా మూడడుగుల లోపే ఆగుతుంది, గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో గీత కనిపిస్తుంది. ఒకేచోట గుండ్రంగా మచ్చ ఉంటే లోపలి పైపునో, అవతలి బాత్రూమునో అనుమానించాలి. వానాకాలంలోనే వస్తే బయటి గోడ పగుళ్లు, కిటికీ కింది చట్టం వాలు చూడాలి.

కారణం పోనంతవరకూ ఆ గోడ మీద లప్పం, రంగు, వాటర్‌ప్రూఫ్ పూత ఏదైనా తాత్కాలికమే. అడుగున మూడడుగుల దాకా ఆయిల్ పెయింటు కొట్టడమో, టైల్స్ వేయడమో చేస్తుంటారు. చెమ్మ ఆగదు, బయటపడే దారి దొరక్క ఇంకాస్త పైకెక్కి టైల్స్ పై అంచున పొక్కులుగా తేలుతుంది. కారణం సరిచేశాక, వదులైన గార అంతా గీకేసి, తెల్లటి ఉప్పు పొడిని పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది, ఆరగానే తిరిగి పూస్తుంది. తర్వాత ఆరనివ్వాలి. ఎన్నాళ్లన్నది గోడ మందాన్ని బట్టి ఉంటుంది, వారాలు పట్టొచ్చు. పైన చెప్పిన ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ చేసి, పొడిగా వచ్చాకే లప్పం. అంతవరకూ మిగతా మూడు గోడల పని కానివ్వండి. ఆ గోడకు అల్మరా ఆనించి ఉంటే రెండు మూడు అంగుళాలు ముందుకు జరపండి.

పగుళ్ల మాట కూడా ఇక్కడే. వెంట్రుక మందం పగుళ్లు రంగు పనిలో పోతాయి. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే పగులు ఎన్నిసార్లు పూడ్చినా తిరిగి తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ రెండూ ఎండకూ చలికీ వేర్వేరుగా కదులుతాయి. దానికి ఫైబర్ జాలీ టేపు వేసి దాని మీద లప్పం పట్టించాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ మూడు మిల్లీమీటర్లకు మించిన పగులైతే రెండు కొసల దగ్గరా పెన్సిలు గీత పెట్టి తేదీ రాయండి. కొన్ని నెలల్లో గీత దాటితే అలంకరణ పక్కనపెట్టి ఇంజనీరును పిలవాలి.

దీపాల దగ్గరికొద్దాం. మీ హాలు 168 చదరపు అడుగులు, అంటే సుమారు 15.6 చదరపు మీటర్లు. కూర్చుని మాట్లాడుకునే గదికి చదరపు మీటరుకు 150 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుతురు కొలత) లెక్క పెట్టుకుంటే మొత్తం 2,300 పైచిలుకు కావాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇంచుమించు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది, కాబట్టి అలాంటివి మూడు. ఒకే ట్యూబ్‌లైటు కూడా 2,000 ల్యూమెన్లు ఇవ్వగలదు. లెక్కకు వెలుతురు సరిపోయినా గది చప్పగా కనిపించేది అదంతా ఒకే గోడ మీది నుంచి, ఒకే ఎత్తు నుంచి వస్తున్నందుకే. అదే వెలుతురును మూడు చోట్లకు, మూడు ఎత్తులకు పంచండి: పైకప్పుకు ఒకటి, గోడకు భుజం పైఎత్తులో ఒకటి, సోఫా పక్కన నేలదీపమో బల్ల దీపమో ఒకటి. కూర్చున్నప్పుడు దాని గొడుగు కింది అంచు మీ కంటి ఎత్తులో, నేల నుంచి సుమారు 40 అంగుళాల దగ్గర ఉండాలి. ఇంకా పైనుంటే బల్బు కళ్లలో గుచ్చుకుంటుంది, మరీ కిందుంటే చదివే పేజీ మీద వెలుతురు పడదు.

బల్బు పెట్టె మీద రెండు అంకెలు చూడండి. మొదటిది కెల్విన్, అంటే వెలుతురు ఛాయను చెప్పే అంకె. 2700 నుంచి 3000 వరకు పసుపు ఛాయ, 4000 తటస్థం, 6500 నీలి తెలుపు. హాలుకు 3000 నప్పుతుంది, చదువుకునే మూల ఉంటే అక్కడ 4000 పెట్టండి. ఒకేసారి వెలిగే దీపాలన్నీ మాత్రం ఒకే అంకెవి కావాలి. ఒకటి 3000, పక్కదే 6500 అయితే ఒకే గోడ ఒకవైపు పచ్చగా, మరోవైపు నీలంగా కనిపిస్తుంది. రెండోది సీఆర్ఐ, అంటే వస్తువుల రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. 80 మామూలు, 90 పైన ఉంటే మంచిది. తక్కువ సీఆర్ఐ కింద ఎరుపులు, గోధుమలు మట్టికొట్టుకుపోయినట్టుంటాయి. మీ అల్మరాలు గోధుమరంగువే కాబట్టి ఇది మీకు ముఖ్యం.

కర్టెన్లలో తప్పు సాధారణంగా రాడ్డు దగ్గరే. కిటికీ చట్టం మీదే రాడ్డు బిగిస్తే కిటికీ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది, కర్టెన్ పక్కకు లాగినా గుడ్డ అద్దాన్ని కప్పేస్తుంది. చట్టానికి ఆరంగుళాలు పైన, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు బయటికి పెట్టండి. మీ ఐదడుగుల కిటికీకి రాడ్డు 76 అంగుళాలు అవుతుంది. కుచ్చు బాగా రావాలంటే గుడ్డ వెడల్పు రాడ్డుకు రెండింతలుండాలి, అంటే 152 అంగుళాలు. 54 అంగుళాల పన్నా గుడ్డ పక్క మడతలు పోగా 50 మిగులుతుంది. కాబట్టి మూడు పన్నాలు, వైపుకు ఒకటిన్నర. రెండు పన్నాలతో సరిపెడితే మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టుంటుంది. పొడవు విషయానికొస్తే, రాడ్డు నేలకు 90 అంగుళాల ఎత్తున ఉంటే పైమడతకు నాలుగు, కిందిమడతకు ఆరు కలిపి పన్నాకు 100 అంగుళాలు. మూడింటికి 300, అంటే 7.6 మీటర్లు. నూలు గుడ్డ ఉతికితే నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంగుతుంది కాబట్టి ఎనిమిది మీటర్లు కొని, ముందు తడిపి ఆరేసి, తర్వాత కుట్టించండి. పెద్ద పువ్వుల గుడ్డైతే పన్నా పన్నాకూ ఒక డిజైను పొడవు అదనంగా కావాలి, లేకపోతే అతుకు దగ్గర పువ్వులు కలవవు. కింది అంచు నేలకు అరంగుళం ఎత్తులో ఆగాలి. కిటికీ కింద వేలాడి మధ్యలో ఆగిపోయే కర్టెన్ గోడను రెండు ముక్కలు చేస్తుంది. కిటికీ కింద మంచమో బల్లో ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

రాడ్డుకు రెండు కొసల్లో, మధ్యలో ఒకటి, మొత్తం మూడు బ్రాకెట్లు వేయండి. మధ్యది లేకపోతే ఈ పొడవుకు రాడ్డు కుంగుతుంది. కిటికీ పైన సాధారణంగా కాంక్రీట్ లింటెల్, అంటే అడ్డదూలం ఉంటుంది. మామూలు డ్రిల్లు అక్కడ అంగుళం కూడా దిగదు, బిట్టు కాలి నీలమైపోతుంది. హ్యామర్ డ్రిల్లు కావాలి. లోపల కమ్మీ తగిలి ఆగిపోతే బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరపండి.

ఇప్పుడు రంగు. గుడ్డ ముక్క చేతిలో పెట్టుకుని రెండు మూడు షేడ్లు ఎంచి, నమూనా డబ్బాలు తెచ్చుకోండి. పాత గోడ మీద నేరుగా పూస్తే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల చదరం తెల్ల అట్ట మీద, చుట్టూ రెండంగుళాల తెలుపు వదిలి, రెండు కోట్లు వేయండి. దాన్ని కిటికీ పక్క గోడకూ, కిటికీ ఎదుటి గోడకూ మారుస్తూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కొత్త బల్బుల కింద చూడండి. కార్డు మీద చిన్న గడిలో కనిపించిన రంగు నాలుగు గోడలకూ వచ్చేసరికి ఒకదాని వెలుగు మరోదాని మీద పడి ఇంకా గాఢంగా అనిపిస్తుంది. సందేహంగా ఉంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. ఒక గోడకే ముదురు రంగు వేయాలనుకుంటే గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనబడే గోడ తీసుకోండి, కిటికీ ఉన్న గోడ వద్దు. వెలుతురు దాని వెనకనుంచి వస్తుంది కాబట్టి ఆ గోడ ఎప్పుడూ ఉన్నదానికంటే నల్లగానే కనిపిస్తుంది.

మెరుపు ఎంత ఉండాలన్నది గోడ నునుపును బట్టి తేల్చండి. మెరుపు పెరిగేకొద్దీ కడగడం సులువు, కానీ ప్రతి గుంటా మిట్టా బయటపడుతుంది. పాత గోడలకు మ్యాట్ గానీ, లేత మెరుపు గానీ చాలు.

ఎంత పడుతుంది? చుట్టుకొలత 52 అడుగులు, ఎత్తు 10, మొత్తం 520 చదరపు అడుగులు. రెండు గుమ్మాలకు 42, కిటికీకి 20 తీసేస్తే 458. రెండు కోట్లకు 916. సిద్ధంచేసిన గోడ మీద ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే రంగు) లీటరుకు ఒక కోటు 110 చదరపు అడుగులు వస్తుందనుకుంటే ఎనిమిదిన్నర లీటర్ల లోపు. తొమ్మిది తీసుకుని మిగిలిన అర లీటరు దాచండి. పైకప్పు 168, రెండు కోట్లకు 336, అంటే మూడు లీటర్లు. రంగు కింద ముందుగా వేసే ప్రైమరు ఒక కోటుకు గోడలకు నాలుగు నాలుగున్నర లీటర్లు. ముదురు ఎరుపు, చిక్కటి పసుపు అయితే ఈ లెక్క చెల్లదు. వాటి రంగుపొడులు అడుగుదాన్ని బాగా కప్పలేవు, మూడో నాలుగో కోట్లు పడతాయి. వాటి కింద ప్రైమరును బూడిదరంగు కలిపి వేయించుకుంటే ఒక కోటు తగ్గుతుంది.

ఊడిపోయే రంగులు చాలావరకు గోడ తయారీలో తప్పువల్లే ఊడతాయి. ముందు అరచేత్తో గోడను రుద్దండి. తెల్లటి పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో. దాని మీద ఎమల్షన్ వేస్తే అది ఆ పొడినే పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు, ఏడాదిలో పొరలుగా లేస్తుంది. గీకి, కడిగి, ఆరబెట్టి ప్రైమరు వేయాలి. పొడి అంటకపోతే బ్లేడుతో ఇంటూ గుర్తు గీసి, దాని మీద గట్టి టేపు రుద్ది ఒక్కసారిగా లాగండి. రంగు టేపుతో వస్తే ఆ పొర దిగిపోవాల్సిందే. పాతది ఆయిల్ పెయింటా నీటి రంగా అని తేల్చడానికి స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో రుద్దండి. రంగు మెత్తబడి గుడ్డకు అంటితే నీటి రంగు, ఏమీ కాకపోతే ఆయిల్. ఆయిల్ మీద నేరుగా ఎమల్షన్ నిలవదు. 180 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు చంపి, పట్టు ఇచ్చే బాండింగ్ ప్రైమరు కొట్టాలి. చాలా పాత ఇంట్లో ఆయిల్ పొరల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలనూ గర్భిణులనూ ఆ గదికి దూరంగా ఉంచండి.

గుంటలు వెతకడానికి పగటి వెలుతురు పనికిరాదు. చీకటి పడ్డాక టార్చిలైటు గోడకు ఆనించి పక్కనుంచి వేయండి, ప్రతి గుంటకూ నీడ పడుతుంది. పెన్సిలుతోనే గుర్తు పెట్టండి. బాల్‌పెన్ను, స్కెచ్ పెన్ను సిరా ఎన్ని కోట్లు వేసినా పైకి తేలుతుంది. పైకప్పు నీటి మరకల సంగతీ అంతే. ఎమల్షన్‌లోని నీళ్లకు మరక మళ్లీ కరిగి పసుపుగా పైకొస్తుంది, మరకల్ని ఆపే ఆయిల్ రకం ప్రైమరు ఆ మేరకు వేయాలి. పగుళ్లను స్క్రేపరు మూలతో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, లప్పం రెండు విడతలుగా పెట్టండి. లోతైన గుంటను ఒకేసారి నింపితే పై పొర ముందే ఎండి, లోపలిది కుంచించుకుని నడిమికి పగులుతుంది. రుద్దడం అయ్యాక పిండిన గుడ్డతో గోడంతా తుడవడం తప్పించుకోవద్దు. కంటికి కనిపించని ఆ లప్పం దుమ్మే రంగుకూ గోడకూ మధ్య అడ్డుగోడవుతుంది.

వేసే వరస పైకప్పు, గోడలు, ఆపైన తలుపులు. ఒకే షేడువైనా డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపేయండి, వేరు వేరుగా కలిపిన డబ్బాల మధ్య లేశం తేడా ఉంటుంది, అది గోడ నడిమిలో గీతలా కనిపిస్తుంది. నీళ్లు డబ్బా మీద చెప్పిన మేరకే. పలచన చేస్తే సులువుగా సాగుతుంది గానీ మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. మూలలు, అంచులు రెండున్నర అంగుళాల బ్రష్‌తో మూడు నాలుగు అడుగుల మేర గీసి, అది తడిగా ఉండగానే తొమ్మిదంగుళాల రోలరుతో ఆ మేర గోడ నింపండి. గదంతా అంచులు ముందే గీసుకుని తర్వాత రోలరు పడితే ఆరిన అంచు మీద రెండో పొర పడి చుట్టూ చట్రం కట్టినట్టు కనిపిస్తుంది. రోలరు బొచ్చు 10 నుంచి 12 మిల్లీమీటర్లు చాలు. కొత్త రోలరును ముందు తడిపి పిండితే ఊడే నూలుపోగులు గోడకు అంటవు. పని జరుగుతున్నంతసేపూ ఫ్యాన్ ఆపేయండి, తడి అంచు త్వరగా ఆరి గీతలు పడేది దానివల్లే. ఒక గోడ మొదలుపెడితే మధ్యలో ఆపకుండా మూలదాకా పోవాలి. రెండు కోట్ల మధ్య ఎమల్షన్‌కు సాధారణంగా నాలుగు గంటలు, చెమ్మ వాతావరణంలో ఇంకా ఎక్కువ. తడి కోటు మీద రెండోది వేస్తే రోలరు కింది పొరను లాక్కొస్తుంది.

మాస్కింగ్ టేపుతో రెండు రంగుల గీత పదునుగా రావాలంటే ఒక కిటుకు ఉంది. టేపు అంటించి అంచును గోరుతో నొక్కాక, ముందు పాత రంగునే టేపు అంచు మీదుగా పలుచగా వేసి ఆరనివ్వండి. సందుల్లోకి దిగేది ఆ రంగే కాబట్టి కనిపించదు. దాని మీద కొత్త రంగు వేసి, చివరి కోటు తడిగా ఉండగానే టేపును 45 డిగ్రీల వాలులో మెల్లగా లాగండి. పూర్తిగా ఆరాక లాగితే రంగు పొర టేపుతో చిరిగి వస్తుంది. అప్పటికే ఆరిపోతే అంచు వెంట బ్లేడు ఆడించి తీయాలి.

చెమ్మ లేని గోడకు వాల్‌పేపరు కావాలంటే లెక్క ఇదీ. మామూలు రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు. మీ పదడుగుల ఎత్తుకు కోతకు పదేసి సెంటీమీటర్లు కలిపి ముక్క 3.15 మీటర్లు, రోలుకు మూడు ముక్కలు. 12 అడుగుల గోడకు ఏడు ముక్కలు, అంటే మూడు రోళ్లు. మొదటి ముక్కను గోడ మూలను నమ్మి అంటించకండి, మూలలు నిటారుగా ఉండవు. తూకం గుండు వేలాడదీసి పెన్సిలు గీత గీసి దానికి ఆనించండి. వెనక జిగురుండే స్టిక్కరు రకాలు గరుకు గోడకూ, తాజా రంగుకూ పట్టవు.

పటాల విషయంలో నియమం ఒక్కటే, అందరూ తప్పేదీ అదే: మరీ ఎత్తులో పెడతారు. పటం నడిమి భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల్లో ఉండాలి. సోఫా పైనైతే వీపు అంచుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎడం, మొత్తం వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులు. పటాల కొలతకు పాత పేపర్లు కత్తిరించి గోడకు అంటించి చూశాకే డ్రిల్లు చేయండి. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా డ్రిల్లు వద్దు, వైర్లు పోయేది ఆ దారినే. ఆరు మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఆరు మిల్లీమీటర్ల బిట్టే వాడండి. కార్పెట్ కూడా కొనేముందు నేల మీద పేపర్లు పరిచి చూడండి. కనీసం సోఫా ముందు కాళ్లు దాని మీదికి రావాలి, సోఫాకూ టీపాయికీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు, నడిచే దారికి 30 అంగుళాలకు తగ్గకుండా వదలండి. తలుపు తెరిచినప్పుడు కార్పెట్‌కు తగులుతుందేమో కూడా అప్పుడే తేలిపోతుంది.

చివరగా ఆ గోధుమరంగు తలుపులు. ముందు పిడులు మార్చి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పాత పిడి రెండు స్క్రూ రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలిస్తే 96, 128, 160 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి వచ్చే అవకాశం ఎక్కువ. అదే కొలత కొత్తది కొంటే కొత్త రంధ్రం అక్కర్లేదు. రంగే వేయాలంటే తలుపులు విప్పి, బందు గుంటలో టేపు ముక్క మీద నంబరు రాయండి. ఒకేలా కనిపించే తలుపులు తారుమారైతే సందులు కలవవు. పిడుల చుట్టూ చేతి జిడ్డు పేరుకుని ఉంటుంది, రంగు మొదట లేచేది అక్కడే. గోరువెచ్చటి సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక 220 ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్దండి. ఈ వరస మారకూడదు, ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. లామినేట్ అయితే బాండింగ్ ప్రైమరు తప్పనిసరి. ఒక తలుపు లోపలివైపు చిన్న మేర వేసి, మర్నాడు గోరుతో గీరి చూడండి, లేవకపోతేనే మిగతావి.

రంగు వేసేది నాలుగంగుళాల ఫోమ్ రోలరుతో పలుచటి కోట్లు రెండు, కావాలంటే మూడు. దిలాసా తలుపైతే ముందు దిలాసాలు (చట్టాల మధ్య బిగించిన పలకలు), తర్వాత అడ్డ చట్టాలు, చివర నిలువు చట్టాలు. అలా చేస్తే అతుకుల దగ్గర బ్రష్ గీతలు కర్ర పోగు దిశలోనే ఆగుతాయి. రంగు మానేసి లిన్‌సీడ్ నూనె పాలిష్ పెడితే వాడిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. రంగు ఒక రోజులో చేతికి అంటదు గానీ పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపు తలుపు మూలల్లో చిన్న ఫెల్ట్ బిళ్లలు అంటించి, గట్టిగా బిగించి మూయకుండా వాడుకోండి, లేకపోతే తలుపు చట్టానికి అతుక్కుని తెరిచినప్పుడు రంగు పెళ్లలా ఊడొస్తుంది.